పోపు కేసు

మా ఆయనకు పెళ్లాం మాటకన్నా గోడ మాట మీదే గురి. ఇంటింటికీ దగ్గు విని రోగం చెప్పే గోడలు వచ్చినప్పటినుంచీ ఇదే వరస. మొన్న నేను పోపు వేయగానే అత్తగారు దగ్గారు. గోడ అది అంటురోగమని తేల్చి, తలుపు బిగించి, ఆవిణ్ణి క్వారంటైన్‌కు తీసుకుపోయే బండిని పిలిచింది.

"మిరపకాయ ఘాటండీ!" అన్నాను.

"గోడ తప్పు చెప్పదే!" అన్నారాయన. అత్తగారు బిక్కమొహం వేశారు.

ఇలాంటి కేసులు విచారించే సోషల్ వర్కర్ మస్తాన్‌బీ బండికన్నా ముందే వచ్చి, తలుపు తెరిపించి, గాలి పీల్చింది. "ఇది ఘాటేనని ఇంటాయన సాక్ష్యమిస్తే బండి ఆపుతా. అమ్మా, అదే పోపు మళ్లీ పెట్టండి."

నాలుగు మిరపకాయలు ఎక్కువే వేశాను. ఆయన కళ్లనీళ్లతో దగ్గారు.

"రెండో రోగి దొరికాడు," అంది గోడ.

"తప్పు నాదేనమ్మా!" అని అరిచారాయన. "ఈ గోడకు చెవులే గానీ ముక్కు లేదు!"