ఎన్నో రౌండు

సోదరులారా, నా తమ్ముడు రింగులో పదేళ్లు దెబ్బలు తిన్న బాక్సరు. ఆ తలను దేవుడే కాపాడి, వాణ్ని లెక్కల ప్రొఫెసర్ని చేశాడని ఎన్ని సభల్లో గొంతు చించుకుని చెప్పానో మీకు తెలుసు.

నిన్న వాడి పాఠం వినాలని వెళ్లి, పవిత్ర గ్రంథంలో చదువుతున్న చోట వేలు ఉంచుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. బోర్డు నిండా రాస్తున్నవాడు సగం వరుసలో ఆగి, తన రాతనే పరాయివాడి రాతలా చూడసాగాడు.

“సార్, మొన్నా ఇక్కడే ఆగారు. గంట కొట్టేశారా ఏంటి?” అంది ముందు బెంచీ అమ్మాయి. అందరూ నవ్వారు.

వాడు వెనక్కి తిరిగి నా కోసం వెతికాడు. “అన్నయ్యా, వేళ్లు చూపించు,” అన్నాడు చిన్నగా.

ఆ మాట నాకొక్కడికే అర్థమైంది. ఆ రోజుల్లో రింగులో వాడు పడి లేచినప్పుడల్లా, పోటీ ఆపాలో వద్దో తేల్చడానికి డాక్టరు వచ్చి “ఇది ఎన్నో రౌండు?” అని అడిగేవాడు. వాడికి తెలిసేది కాదు. డాక్టరు వెనక నిలబడి నేను వేళ్లు చూపిస్తే సరిగ్గా చెప్పేవాడు. పోటీ సాగేది.

సోదరులారా, దేవుడు కాపాడాడని నేను చాటిన ఆ తలను దెబ్బలకు అప్పగించినవి ఈ వేళ్లే.