పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు

విమానాల కంపెనీ ఎంక్వయిరీ కౌంటర్లో అతన్ని అందరూ టపాకాయ అంటారు. అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. అడిగిందే రెండోసారి అడిగితే చాలు, పేలతాడు. మనసు వెన్నే. కానీ ఫోన్లో మనసు వినబడదు కదా!

అప్పటికే రెండు ఫిర్యాదులొచ్చాయి. "మూడోది వచ్చిందా, ఇక ఇంటికే," అన్నాడు మేనేజరు. అసలే నెలాఖరు ఆదివారం తను ఇష్టపడ్డ అమ్మాయి ఇంటికి మొదటిసారి వెళ్ళాలి. ఉద్యోగం ఊడగొట్టుకుని ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? నోటికి తాళం వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే దాపురించింది, ఫోన్లో ఒక పెద్దావిడ. పదకొండు కొట్టేసరికి మోగింది.

"నాయనా, మీ విమానం వెళ్ళే ఊళ్ళన్నిటిలోకీ దూరమైన ఊరు ఎంత దూరం?"

"పన్నెండు వేల ఆరు వందల కిలోమీటర్లండి."

"ఎంతసేపు?"

"పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు."

"వచ్చేటప్పుడు?"

"పదిహేను గంటల నలభై."

"అదేంటి, దారి అదేగా! టాక్సీవాళ్ళలా చుట్టూ తిప్పుతారా?"

"ఎదురుగాలమ్మా. ఎదురుగాలిలో సైకిల్ తొక్కితే ఆలస్యం కాదూ?"

"అయ్యో, మీరూ తొక్కాలా?"

ఫోన్లోంచి ఆ మాట వినబడి పక్క సీటు ఉద్యోగిని నోట్లో రుమాలు కుక్కుకుంది.

మర్నాడు పదకొండింటికి మళ్ళీ మొదటికొచ్చింది. ఎంత దూరం, ఎంతసేపు. మూడోరోజు, మధ్యలో కాసేపు ఆపుతారా అంది. "మధ్యలో అంతా సముద్రమమ్మా." "పోనీ ఒడ్డున ఆపండి." ఆరోరోజు, కిలోమీటర్లు తనకు అర్థం కావు, మైళ్ళలో చెప్పమంది. అతను పళ్ళు నూరాడు. బల్ల కింద చెత్తబుట్టను ఒక్క తన్ను తన్నాడు. మాట మాత్రం జారలేదు.

పదోసారి మోగేసరికి పీకలదాకా వచ్చింది. "మీకసలు..." అనబోయి ఆగాడు. ఇన్నిసార్లు అడుగుతోందంటే భయం కాబోలు, పాపం.

"అమ్మా, విమానమెక్కాలంటే భయమేస్తోందా?"



అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఎక్కింది మొదలు ఏ గంటకేం జరుగుతుందో, భోజనం ఎప్పుడు పెడతారో, చెవులు దిబ్బడ వేస్తే ఏం చెయ్యాలో, కాళ్ళు పట్టేస్తే ఎటు నడవాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. కన్నతల్లికైనా అంత ఓపిగ్గా చెప్పి ఉండడు.

"చల్లగా ఉండు నాయనా," అని ఆవిడ పెట్టేసింది.

ఆ తర్వాత పదకొండింటికి ఫోన్ మోగలేదు. పీడా పోయిందనుకోవాల్సింది పోయి, అతనికి ఏదో వెలితిగా అనిపించింది. క్షేమంగా చేరిందో లేదో!

నెలాఖరు వచ్చింది. మూడో ఫిర్యాదు రాలేదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అమ్మాయి ఇంటికి వెళ్ళాడు. ఆ పిల్ల నవ్వాపుకుంటూ తలుపు తీసి, లోపలికి తీసుకెళ్ళింది.

"కూర్చో నాయనా," అంది వాళ్ళమ్మ, రోజూ పదకొండింటికి ఫోన్లో వినిపించిన ఆ గొంతుతోనే, "నీ కోపం సంగతి మా పిల్ల చెప్పాక, దాన్ని నీకివ్వొచ్చో లేదో తేల్చుకోడానికి నాకు పది ఫోన్లు పట్టాయి అల్లుడూ!"