కడలిపువ్వు నడిచిన దారి

ఒక ఇంటి హాల్లో ఉప్పునీళ్ల అద్దాల తొట్టి ఉంది. చారల చేపకు అదే లోకం, అందులోని కడలిపువ్వే ఇల్లు. పేరుకే పువ్వు గానీ అదీ ప్రాణే. చోటు నచ్చకపోతే రాయి వదిలి మెల్లగా పాకిపోతుంది.

నిన్న అలాగే పాకి, నీళ్లు లాగే పంపు నోట్లో రేకొకటి తెగ్గొట్టుకుంది. అయినా ఇవాళ మళ్లీ అటే బయల్దేరింది.

"అటు పోకు అక్కా," అని చేప మొత్తుకుంది.

"ఇక్కడంతా నీడ. వెలుగున్న రాయి అవతలుంది. పంపు పక్కనుంచే దారి. బతకాలిగా చెల్లీ."

చేప పంపు మీదికి పోట్లాటకు వెళ్లింది.

"లాగడం నా పని. ఏదొస్తే అది లాగుతా," అంది పంపు. "నేనాగితే మీకే ఊపిరాడదు."

అదీ నిజమే. చేప వెనక్కి తిరిగింది.

శంఖం మోసుకు తిరిగే ముసలి పీత ఇదంతా వింటోంది. "నడిచేదాన్ని తిట్టావు, లాగేదాన్ని తిట్టావు. ఈ స్పాంజి ముక్కను చూశావా? ఎవరూ లోపల చిక్కుకోకుండా ఆ పంపు నోటికి తొడిగిందే. ఊడిపడి నెలయింది. నేను దీని మీదే కునుకు తీస్తున్నా."

చేప కూడా రోజూ దాని మీదుగా ఈదుతున్నదే. సిగ్గేసింది.

స్పాంజిని పంపు వైపు పీత లాగింది, చేప తలతో నెట్టింది. దగ్గరికి రాగానే పంపు అలవాటు కొద్దీ స్పాంజిని లాగి, తన నోటికి తనే అంటించుకుంది. నీళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి కడలిపువ్వు ఆ దారినే వచ్చింది. దాని రేకులు స్పాంజికి తగిలి, మెత్తగా జారి, ముందుకు సాగాయి.

చేప ఈసారి పోవద్దనలేదు. ముందుగా ఈదుతూ, "ఇటు రా అక్కా," అంది.