తెర అవతలి గొంతు

“కాస్త నోరు తగ్గిస్తావా తల్లీ! లోపల నేను ప్రార్థనలో ఉన్నాను. నీ గోలలో దేవుడు చెప్పేది ఒక్క ముక్క వినపడి చావడం లేదు!”

కుట్టుషాపు వెనకగదిలోంచి తెర పక్కకి లాగి మరీ అరిచింది అత్తగారు. ముందుగదిలో మిషను దగ్గరున్న కోడలు “సరే అత్తయ్యా” అంది. ఆ ‘సరే’ కూడా వీధి చివరిదాకా వినపడేలా అంది.

అత్తగారికి ఒళ్లు మండింది. ఈ పిల్లకి ఇవాళ ఏమొచ్చింది? నోట్లో నాలుక లేని పిల్ల. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి మిషను చప్పుడే గాని దీని చప్పుడు ఎవరూ ఎరగరు. సరిగ్గా ఇవాళే నోరు లేచింది!

ఇవాళ మామూలు రోజు కాదు మరి. షాపు అమ్ముతారా, అమ్మరా అని ఎదురుగా ఉన్న రెడీమేడ్ షాపాయన సాయంత్రం జవాబుకి వస్తాడు. అత్తగారికా, కళ్లు ఆనడం లేదు. కొడుక్కి అప్పగిద్దామంటే వాడు సూదికీ దబ్బనానికీ తేడా తెలియని మహానుభావుడు. చేతులారా నిలబెట్టిన షాపు పరాయివాళ్ల పాలవుతుందంటే ప్రాణం ఉసూరుమంటోంది. అందుకే పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా మోకాళ్ల మీద ఉంది.

“తండ్రీ, ఈ షాపు ఎవరి చేతిలో పెట్టమంటావో చెప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తాను. చెప్పకపోతే అమ్మేస్తాను, తర్వాత నన్ననొద్దు.”

మళ్లీ కళ్లు మూసుకుందో లేదో, తెర అవతల ఎవరో ఆవిడ గయ్యిమంది.

“రేపు పెళ్లి పెట్టుకుని ఇవాళ గౌను పట్టలేదంటే ఎలాగమ్మా? మా అమ్మాయికి ఊపిరాడటం లేదు!”

“కంగారు పడకండి పిన్నిగారూ.” కోడలి గొంతు ఖంగుమంది. “ఇదిగో, లోపల కుట్టు దగ్గర చూడండి. వేలెడు గుడ్డ వదిలి కుట్టారు మా అత్తయ్య. ఆవిడ చేతి బట్ట ఏదైనా అంతే, మనిషి ఒళ్లు చేసినా పనికొచ్చేలా ముందే చూసుకుంటారు. కూర్చోండి, మీ కళ్లముందే వదులు చేసిస్తాను.”

గయ్యిమన్నావిడ కాసేపటికి నవ్వుకుంటూ వెళ్లింది. ‘ఫరవాలేదే!’ అనుకోబోయి అత్తగారు నాలుక కరుచుకుంది. ప్రార్థన మధ్యలో షాపు గొడవలేంటి!

“సార్, ఆగండాగండి! మీ కోటు గుడ్డ మిగిలింది, తీసుకెళ్లండి.”

“మిగిలిందా? దర్జీలు మిగిలిన గుడ్డ తిరిగివ్వడం నా జన్మలో చూడలేదమ్మా!”

“మా షాపుకొస్తే రోజూ చూడొచ్చు సార్!”

“ప్రభువా, దాని నోటికి నువ్వే ఒక కుట్టు వెయ్యి” అని వేడుకుంది అత్తగారు. “నీ మాట విందామని కూర్చుంటే దాని మాటలు వినాల్సొస్తోంది.”

ప్రభువు కుట్టు వేయలేదు. కోడలు ఈసారి ఏకంగా కటింగ్ మాస్టరు మీద పడింది. ఆయన కత్తెర పట్టిన నాటి నుంచి ఒకరి మాట విన్న పాపాన పోలేదు. అత్తగారి మాటే సగం వింటాడు.

“మాస్టారూ, ఈ చొక్కా చెయ్యి మెలితిరిగింది. విప్పేసి మళ్లీ ఎక్కించండి.”

“ఎవరికి కనపడుతుందమ్మా? ఇచ్చేసెయ్.”

“వేసుకునే ఆయనకి కనపడదేమో, మనకి కనపడింది కదా! మీ చేతి కింద వంకర కుట్టు బయటికెళ్తే మీకే నామర్దా మాస్టారూ.”

టుక్కు టుక్కుమని దారాలు తెగుతున్న చప్పుడు. మాస్టరు విప్పుతున్నాడు! అత్తగారు తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

వీధిలో ఎండ వాలింది. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

“పెద్దావిడ లోపలున్నారా? ఏమన్నాడట ఆవిడ దేవుడు?” రెడీమేడ్ షాపాయన గొంతు.

అత్తగారు చప్పున పైకి చూసింది. “తండ్రీ, ఇదేం న్యాయం? ఇంతసేపు కూర్చున్నా ఒక్క మాట చెప్పలేదు. పొద్దున్నుంచీ ఈ పిల్ల గొంతు తప్ప నాకు ఇంకో గొంతే వినపడ...”

మాట సగంలో ఆగిపోయింది.

తెర తొలగింది. పట్టేసిన మోకాళ్లతో కుంటుకుంటూ వచ్చింది అత్తగారు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“చెప్పాడయ్యా. అమ్మొద్దన్నాడు.”

“అమ్మకపోతే ఎవరు నడుపుతారండీ?”

“మా కోడలు.”

“ఈ మూగపిల్లా?”

“నోరు జాగ్రత్త! మూగపిల్లట, మూగపిల్ల! మా మాస్టరు చేత కుట్టిన కుట్టు విప్పించిన మొనగత్తె నా కోడలు. చేతనైతే నువ్వు విప్పించు, అప్పుడు రాసిస్తా షాపు!”

మాస్టరు దగ్గి, చొక్కా మీదకి ఇంకా వంగిపోయాడు. వచ్చినాయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

అత్తగారు తన మెడలోని కొలతల టేపు తీసింది. ఆ టేపు ఇంతవరకూ ఇంకెవరి మెడలోనూ పడలేదు. దాన్ని కోడలి మెడలో వేసి, రెండు చివర్లూ సమంగా సర్ది, వెనక్కి జరిగి చూసుకుంది.

“నా బంగారమే! అది సరే గాని, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేదానివి. ఇవాళేంటే, పైకప్పు లేచిపోయేలా అరిచావు?”

కోడలు కళ్లు తుడుచుకుని, ఎప్పటిలాగే వినపడీ వినపడనట్టు అంది.

“షాపు పోకూడదని పొద్దున నేనూ ప్రార్థన చేశానత్తయ్యా. ‘మీ అత్తకి చెవులు కాస్త మందం, నువ్వే గట్టిగా మాట్లాడు’ అన్నాడు.”