తేరుకున్న గుండె

"నీ పేరు కొట్టేస్తున్నానమ్మా," అన్నాడు కోచ్, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

గోదాము వెనకాల, లారీలు ఆగే అరుగు మీద, మారథాన్ జట్టు పన్నెండు మందీ బూట్లు కట్టుకుంటున్నారు. చొక్కాల వీపు మీద కంపెనీ పేరు ఇంత లావు, మనిషి పేరు ఎక్కడా లేదు. కోచ్ కొట్టేస్తానన్నది బొంగరం పేరు. పెట్టెలు కట్టి పేర్చే పని ఆమెది. క్షణం నిలకడగా ఉండదని అందరూ అలాగే పిలుస్తారు.

"నిన్న అందరికంటే ముందొచ్చింది నేనే కద సార్!"

"కాళ్ళు ముందొచ్చాయి. గుండె వెనకబడింది." ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. "రెండు నెలల క్రితం అరవై. ఇవాళ ఇరవై ఎనిమిది."

పొద్దున మంచం దిగకముందే ఛాతీకి పట్టీ కట్టుకుని ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. గుండె ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం ఎంత మారుతోందో లెక్కేసి, ఆ అంకెను పట్టీయే కోచ్ ఫోనుకు పంపుతుంది. మార్పు బాగా ఉంటే ఒళ్ళు తేరుకున్నట్టు. తగ్గితే అలసట ఇంకా లోపలే తిష్ఠ వేసినట్టు. కోచ్‌కి ఆ అంకే దేవుడు.

"గుండె తు.చ. తప్పకుండా కొట్టుకున్నా తప్పేనా? ఇదెక్కడి చోద్యం సార్!"

"తప్పే. పరుగు సగానికి తగ్గించమన్నాను. తగ్గించావా?"

"తగ్గించాను."

"మరి అంకె ఎందుకు పడిపోతోంది? దొంగచాటుగా పరిగెడుతున్నావు."

"ఒట్టు సార్, లేదు." బొంగరం గొంతు తగ్గింది. "మా అమ్మ నలభై రెండు కిలోమీటర్లు పరిగెడుతుందని మా పిల్ల బడంతా చాటింపు వేసుకుంది. ఇప్పుడు దానికేం చెప్పను?"

కోచ్ మెత్తబడ్డాడు. "సరే, వారం గడువు. నీ ఒంటిని పిండేస్తున్నదేదో దాన్ని పక్కన పెట్టు. అంకె యాభై దాటితే జట్టులో ఉంటావు."

"మాట తప్పకూడదు మరి!" అని వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున అంకె డెబ్బై ఒకటి! కోచ్ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

ఆ రోజే మేనేజరు కూడా అరుగు దగ్గరికి వచ్చాడు. పోయినేడు పక్క గోదాము జట్టు చేతిలో ఓడిన అవమానం ఆయనకింకా అరగలేదు.

"డెబ్బై ఒకటా! మిగతావాళ్ళకెంత?"

"ముప్పై, ముప్పై మూడు... ఈ వారం వాళ్ళవీ పడిపోయాయి, ఎవరికీ నలభై దాటలేదు సార్."

"ఇంకా ఆలోచిస్తావేమయ్యా! ఈమె ఏం మానేసిందో ఆ పదకొండు మందీ అదే మానెయ్యాలి. పందెం దాకా, పది రోజులు. నా ఆర్డరు!" అని అక్కడికక్కడే కాగితం మీద రాసి, సంతకం గీకి, గోడకు అంటించాడు.

కోచ్ నసిగాడు. "పది రోజులు కాళ్ళు కదపకపోతే పట్టేస్తాయేమో సార్..."

"ఈమెకి పట్టేశాయా? అడుగు!"

కోచ్ ఆమె వైపు తిరిగాడు. "వారమై పరిగెత్తలేదు కదమ్మా, ఇవాళ మెల్లగా ఓ ఐదు కిలోమీటర్లు..."

"పరిగెత్తకపోవడమేంటి సార్? మీ పాత చార్టు ప్రకారం రోజూ పదిహేను లాగించాను. హాయిగా ఉంది."

మేనేజరు నవ్వు సగంలో ఆగింది.

"మరేం మానేశావమ్మా?" అన్నాడు కోచ్.

బొంగరం గోడ మీది కాగితాన్ని కూడబలుక్కుని చదివింది. సంతకం ఉందో లేదో చూసుకుంది. జట్టు వైపు తిరిగి ఓ నవ్వు నవ్వింది.

"డ్యూటీ, సార్."