కాళ్ల తనిఖీ

"చెప్పులు విప్పండి. కాళ్లు ముందుకు పెట్టండి. రెండూ!"

చర్చి వెనక పెరట్లో వరసగా నిలబడ్డ పేదవాళ్ల ముందు సంఘపెద్ద జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు. ఒక్కరి మొహమూ చూడటం లేదు. సంతలో పశువుని కొనేవాడైనా పళ్లు చూస్తాడు, నడక చూస్తాడు. ఈయనకి కాళ్లు చాలు.

ఎంపికైన పన్నెండు మందికి సాయంత్రం ఆరాధనలో ముందు వరస కుర్చీలు, ఇంటికెళ్లేటప్పుడు తలా ఒక ఉన్ని దుప్పటి. కుర్చీల కోసం ఎవరూ రాలేదు.

"పగుళ్లు. నువ్వు పో."

"పుండా? ఛీ, ముందు కప్పెయ్ దాన్ని."

"ఈ గోళ్లు చూస్తే ఇవాళ నాకు అన్నం దిగదు. జరుగు జరుగు."

ఏరగా ఏరగా పదకొండు మంది తేలారు. చివర్న మిగిలింది మురిక్కాలవలు తీసే ఆవిడ. మోకాళ్ల దాకా నల్లటి బురద, ఎండి అట్టలు కట్టింది.

"ఏంటమ్మా ఇది? దేవుడి దగ్గరికి వచ్చే వాలకమేనా?"

"పొద్దున్నించీ మీ గేటు ముందు కాలవే తీశానయ్యా. కార్లు దిగేవాళ్లకి కంపు కొడుతుందని మీరేగా కబురు పెట్టారు?"

"చేశావు, సంతోషం. అది పని. ఇది ఆరాధన. పాస్టరుగారు తెల్లబట్టల్లో ఉంటారు."

"మా ఆయన జ్వరంతో వణికిపోతున్నాడయ్యా. గోనెపట్టా కప్పి వచ్చాను. ఒక్క దుప్పటి ఇప్పించండి."

"ఇవ్వనన్నానా? ఆ కాళ్లతో మాత్రం కుదరదు."

కడుక్కుందామంటే పెరట్లో కుళాయి రావడం లేదు. వరండాలో బల్ల మీద పెద్ద స్టీలు బేసిన్ నిండా నీళ్లు కనిపించాయి. నీళ్ల మీద గులాబీ రేకులు. పక్కన మడతపెట్టిన తెల్ల తువ్వాళ్లు.

"అందులోవి రెండు చెంబులు పోసుకుంటానయ్యా."

వరండాలో నుంచి సంఘపెద్ద భార్య గావుకేక పెట్టింది.

"ముట్టుకోకు! నీ కాళ్లకా ఆ నీళ్లు? పన్నీరు కలిపించాం వాటిలో!"

కాలవలు తీసే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది మీ మురికేనమ్మా" అని గేటు వైపు నడిచింది.

ఆవిడ నిలబడ్డ చోట ఫినాయిల్ చల్లించారు. సంఘపెద్ద ఫోన్ తీసి బావమరిదిని పిలిచాడు.

"ఒరేయ్, ఒక కుర్చీ ఖాళీగా ఉంది, వచ్చి కూర్చో. నీ కాళ్లు వెన్నముద్దల్లా ఉంటాయి. ఆ సిల్కు చొక్కా మాత్రం విప్పేసి, మీ డ్రైవర్ని అడిగి ఏదైనా పాతది తగిలించుకో."

"దుప్పటి కూడా ఇస్తారా బావా?" అవతల ఒకటే నవ్వు.

"ఇవ్వకపోతే ఫొటోలో ఏం పడుతుంది? తీసుకెళ్లి మీ కుక్క కింద పరిచెయ్."

పైన పటారం లోన లొటారం అనడానికి కూడా నోరు రాదు. లోపల అంత రోత.

సాయంత్రం చర్చి కిటకిటలాడింది. మొదటి కుర్చీలో బావమరిది చిరిగిన చొక్కాలో వినయంగా తల వంచుకుని కూర్చున్నాడు. ఫొటోగ్రాఫర్ తలూపాడు.

పాస్టరుగారు నడుముకి తెల్ల తువ్వాలు చుట్టుకుని, నేల మీద మోకాళ్లూని, యేసు తన శిష్యులకు చేసినట్టే, ఆ పన్నీటి బేసిన్‌లో పేదల మురికి పాదాలు కడగడం మొదలుపెట్టారు.