వంతెన పాట

"వాడు మళ్లీ వచ్చాడు," అన్నాడు అన్నయ్య, గిటారు తీగ బిగిస్తూ.

చెల్లెలు డ్రమ్ముల వెనక నుంచి తొంగి చూసింది.

ఎడమ స్పీకరు దగ్గర అదే మనిషి. నెరిసిన జుట్టు, నలగని చొక్కా. ఒళ్లో చిన్న రికార్డరు పెట్టుకుని, దాని మీటలు సరిచూసుకుంటున్నాడు.

సైకిళ్ల షాపు పైనున్న ఆ హాల్లో వాళ్లు ఆదివారం సాయంత్రాలు వాయించడం మొదలుపెట్టి మూడేళ్లయింది. అన్నయ్య గిటారు, చెల్లెలు డ్రమ్స్, వరసకు బావయ్యే అతను కీబోర్డు. వాళ్లది ముందే కట్టుకున్న పాట కాదు. చిన్న వరస ఒకటి పట్టుకుని బయల్దేరతారు, అది ఎటు లాక్కెళ్తే అటు. పోయినవారం వాయించింది ఈ వారం ఉండదు.

"మొదలెట్టడం వచ్చేసింది, ఆపడమే ఇంకా నేర్చుకోవాలి," అనేవాడు బావ.

రేడియో వాళ్లు మూడు నిమిషాలకు కుదించమన్నారు. పెళ్లిళ్ల వాళ్లు తెలిసిన పాటలు వాయించమన్నారు. హాలుకు నలభై మందికి మించి ఏనాడూ రాలేదు. అన్నయ్య ఉన్న ఉద్యోగం కాస్తా మానేశాడు.

చెల్లెలికి కుదురు పోయింది. తింటున్నా, ఎవరితోనైనా మాట్లాడుతున్నా వేళ్లు దరువేస్తూనే ఉండేవి. ఇంకా ఎన్నాళ్లిలా అన్న ఆలోచన ఒకచోట కూర్చోనిచ్చేది కాదు.

పైగా కిందటేడు వాళ్ల వరస ఒకటి సబ్బు ప్రకటనలో వినిపించింది. అచ్చంగా వాళ్లదే. ఎవరో రికార్డు చేసి అమ్ముకున్నారు. వెళ్లి అడిగితే రుజువు చూపించమన్నారు. పూటకో రకంగా వాయించే పాటకు రుజువేం చూపిస్తారు?

అప్పటినుంచి రికార్డరు కనబడితే చాలు, అన్నయ్యకు ఒళ్లు మండేది.

"ఒక్కసారైనా చప్పట్లు కొట్టాడా? వాడి ధ్యాసంతా ఆ డబ్బా మీదే. నువ్వెళ్లి చెప్పు. నేను వెళ్తే నోరు జారతాను."

ఆమె కర్రలు పక్కన పెట్టి వెళ్లింది.

"ఏమండీ, ఇక్కడ రికార్డు చెయ్యకూడదు."

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. "అమ్ముకోవడానికి కాదమ్మా."

"అందరూ అలాగే అంటారు. ఇన్నాళ్లూ చేసినవన్నీ ఏం చేశారు?"

"ఉన్నాయి. భద్రంగా ఉన్నాయి. అప్పుడప్పుడూ మావాళ్లకు వినిపిస్తుంటాను."

"ఎవరు ఆ మీవాళ్లు?"

ఆయన చెప్పబోయాడు. ఇంతలో స్టేజి మీంచి అన్నయ్య అరిచాడు. "ఇంకా అక్కడ కబుర్లేంటి? టైమవుతోంది!"

ఆమెకు విసుగొచ్చింది. "ఎవరైతేనేం లెండి. ఇకమీదట ఎవరికీ వినిపించకండి."

"పాతవి కూడానా అమ్మా?"

"పాతవి కూడా."

ఆయన రికార్డరు ఆపి జేబులో పెట్టుకున్నాడు.

"మీ పాట, మీ ఇష్టం," అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "వాయిస్తూ వాయిస్తూ ఒక్కోసారి టక్కున చేతులు ఆపేస్తారు చూడండీ, అక్కడ నాకు ఊపిరాడదమ్మా."

అది పొగడ్తో ఫిర్యాదో ఆమెకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఎంత ప్రయత్నించినా చేతులు ఆగలేదు. పరిగెత్తుకుంటూనే పోయాయి.

ఆ తర్వాత ఆయన రాలేదు.

రెండు నెలలకు పక్క ఊరి హాలు నుంచి కబురొచ్చింది. ఎన్నడూ వాయించని ఊరు.

"ముగ్గురొస్తే గొప్ప," అన్నాడు బావ, వ్యాన్లో సామాను సర్దుతూ. "అందులో ఒకడు వాచ్‌మన్."

తీరా వెళ్లేసరికి హాలు కిటకిటలాడుతోంది. నాలుగొందల మంది ఉంటారు. తలుపుల దగ్గర కూడా నిలబడ్డారు.

వేరే కార్యక్రమమేమోనని అన్నయ్య బయటికెళ్లి బోర్డు చదివొచ్చాడు. వాళ్ల పేరే ఉంది.

మొదటి పాట అయిందో లేదో, వెనక నుంచి ఎవరో కేకేశారు. "వంతెన పాట!"

"అవును, వంతెన పాట!" అన్నారు ఇంకో పదిమంది.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"అలాంటిది మనకు లేదే," అన్నాడు అన్నయ్య మెల్లగా.

ముందు వరసలో నర్సు యూనిఫాంలో ఉన్న ఒకామె కూనిరాగం తీసింది. ఆ పక్కవాళ్లు అందుకున్నారు. చూస్తూండగానే హాలంతా పాకింది.

వాళ్లదే! ఏడాదిన్నర కిందట, వాన పడుతున్న ఒక ఆదివారం, ఇరవై మంది ముందు ఒకే ఒక్కసారి వాయించి, వాళ్లే మర్చిపోయిన వరస.

అన్నయ్య కళ్లు తుడుచుకుని గిటారు అందుకున్నాడు. ఆ సాయంత్రం వాళ్లని స్టేజి దిగనివ్వలేదు జనం.

అయ్యాక చెల్లెలు నిలవలేకపోయింది. చెమట తుడుచుకోకుండానే నర్సు దగ్గరికి పరిగెత్తింది.

"అది మీకెలా తెలుసండీ?"

"భలేవారే! మాకు తెలియని మీ పాట ఉందా? పొద్దున ఆరింటి బస్సులో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. రెండేళ్లుగా మీ పాటలే కదా మాకు తోడు. ఒకరోజు సరిగ్గా వంతెన ఎక్కుతుంటే ఇది మొదలైంది. ఇక రోజూ వంతెన రాగానే అదే కావాలని మా గోల. ఇక్కడున్న వాళ్లలో ఓ అరవై మందిమి ఆ బస్సు వాళ్లమే. మిగతావాళ్లంతా మేం లాక్కొచ్చిన వాళ్లు."

చెల్లెలు ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఇప్పుడూ వింటున్నారా?"

"ఎక్కడండీ!" నర్సు మొహం చిన్నబోయింది. "రిటైరయ్యే రోజైనా ఒక్కసారి పెట్టు బాబాయ్ అని బస్సంతా బతిమాలాం, 'వద్దన్నారమ్మా, అది వాళ్ల పాట' అని రెండు గంటలూ చప్పుడు లేకుండా నడిపి, తాళాలు అప్పజెప్పి వెళ్లిపోయాడు మా డ్రైవరు."